హోంశాఖ వారి సామరస్యం

సింగపూర్ మాక్స్‌వెల్ రోడ్డులో ‘హార్మొనీ ఇన్ డైవర్సిటీ’ అని ఒక గ్యాలరీ ఉంది. 2016లో తెరిచారు. ఇన్ని మతాలవాళ్లు ఒక చిన్న దీవిలో ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పడం, మతాలకున్న పోలికలు చూపించడం దాని పని. ముందుగా చెప్పి బృందంగా వెళితే గైడు వెంట ఉండి చూపిస్తారు. మా ఆవిడ తన దగ్గర తెలుగు నేర్చుకునే పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని, ఊళ్లనుంచి మనవల్ని చూసుకోవడానికి వచ్చిన తాతయ్యల్నీ అమ్మమ్మల్నీ కూడగట్టి సెలవుల్లో ఓ రోజు అక్కడికి తీసుకెళ్లింది. నెల్లూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా చెల్లెలూ వెంట వచ్చింది. అది లాయరు. కొన్నాళ్లు గ్లాస్గోలో చదివింది. దేన్నయినా పిటిషన్ లాగా చదవడం దానికి అలవాటు.

చూడటం అయ్యాక దగ్గర్లోనే ఉన్న మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌లో కూలబడ్డాం. పిల్లలు చెరకు రసం కోసం లైన్లో నిలబడ్డారు. వదినా ఆడపడుచులకి అక్కడ మొదలైంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ రెండో సగాన్ని నేనే కాబట్టి నోరు మూసుకుని విన్నాను. విన్నదాన్ని, మధ్యమధ్య నా గొణుగుడుతో సహా, ఇక్కడ పెడుతున్నాను.

ఆడపడుచు: బాగానే ఉంది గానీ వదినా, ఈ గ్యాలరీ ఎవరిది? సాంస్కృతిక శాఖదా, ఏదైనా ట్రస్టుదా?

వదిన: హోం మంత్రిత్వ శాఖది.

ఆడపడుచు: అదీ సంగతి! పోలీసుల్ని చూసుకునే శాఖ మతసామరస్యం బోధించడమేంటి? ట్రాఫిక్ కానిస్టేబుల్ పెళ్లిపందిట్లో మంత్రాలు చదివినట్టుంది.

వదిన: నవ్వు, ఎవరొద్దన్నారు? ఆ పని వాళ్లు ఎందుకు నెత్తినేసుకున్నారో తెలుసుకుని మరీ నవ్వు. మారియా హెర్టోగ్ పేరు విన్నావా?

ఆడపడుచు: పిల్ల ఎవరి దగ్గర పెరగాలన్న కేసు కదా. లా కాలేజీలో ఎక్కడో తగిలింది.

వదిన: కన్నవాళ్లు డచ్చివాళ్లు, కాథలిక్కులు. జపాన్ వాళ్లు జావాను ఆక్రమించినప్పుడు తండ్రిని నిర్బంధించారు. పిల్ల అమీనా అనే మలయ్ ముస్లిం ఆవిడ దగ్గర నద్రా అన్న పేరుతో పెరిగింది. యుద్ధం అయ్యాక కన్నవాళ్లు మా పిల్ల మాకు కావాలన్నారు. కేసు నడుస్తుండగానే పదమూడేళ్ల పిల్లకి పెళ్లయింది. 1950 డిసెంబరులో సింగపూర్ కోర్టు ఆ పెళ్లి చెల్లదంది, పిల్లని కన్నవాళ్లకి ఇమ్మంది. ఇంతవరకూ కోర్టు వ్యవహారం. ఆ తర్వాత ఆ పిల్లని తీసుకెళ్లి క్రైస్తవ సన్యాసినుల మఠంలో ఉంచారు. పత్రికలవాళ్లు లోపలికెళ్లి ఫోటోలు తీశారు. మేరీమాత విగ్రహం ముందు నిలబడ్డ నద్రా! అది అచ్చయింది. డిసెంబరు 11న అప్పీలు విచారణ రోజున ఊరు అంటుకుంది. 18 మంది చచ్చిపోయారు, 173 మందికి గాయాలు. ఇక్కడ ఎవరికైనా మతమనగానే ముందు ఆ ఫోటో గుర్తొస్తుంది.

ఆడపడుచు: గుర్తొచ్చేది ముసలివాళ్లకి. ఇందాక మన పిల్లలు ఏం పట్టుకుని బయటికొచ్చారో అడుగు. అన్ని మతాలూ ఒకటే చెబుతాయి, అంతే. ఎదుటివాడు నీకేం చేస్తే బాధపడతావో అది నువ్వు వాడికి చెయ్యకన్న సూత్రం అన్నింట్లోనూ ఉందని గైడు చెప్పగానే, మన తాతగారొకాయన ఇది మా తిక్కన ఎప్పుడో రాశాడని పద్యం ఎత్తుకున్నారు. అందరూ చప్పట్లు. నాకూ ఆనందమే. కానీ అన్ని మతాలూ ఒకటే చెబితే ఆ పిల్ల కోసం 18 మంది ఎందుకు చచ్చినట్టు?

వదిన: పోలికలు చెప్పకపోతే పిల్లలు రెండోసారి వినరు తల్లీ. మొదటి మెట్టు అది.

ఆడపడుచు: మొదటి మెట్టు మీదే చప్పట్లు కొట్టి ఇంటికి పంపేస్తున్నారు. మతాలు వేరు. దేవుడు ఒక్కడా పదిమందా, విగ్రహం పూజించాలా పగలగొట్టాలా, చచ్చాక ఏమవుతుంది, ఏం తినాలి, ఎవరిని పెళ్లాడాలి… వీటన్నిటిలోనూ వేరే. వేరుగా ఉంటూ తన్నుకోకుండా ఉండటమే కష్టం. ఆ కష్టం కనబడితేనే దాన్ని గ్యాలరీ అంటాను. ఒకటే అనేశాక సామరస్యంతో పనేముంది?

(ఇక్కడ నాకు మా చెల్లెలి మాటే నచ్చింది. పైకి అనలేదు.)

వదిన: అయితే లేచి అటు చూడు. ట్రేలు పెట్టే అల్మారాలు రెండున్నాయి. ఒకటి హలాల్ ప్లేట్లకి, ఒకటి మిగతావాటికి. ఈ దేశంలో ఇలాంటి హాకర్ సెంటర్లు చాలావాటిలో ఇంతే. పంది మాంసం తిన్న ప్లేటు మలయ్ ఆయన ప్లేటుతో కలవకూడదు. తినే బల్లలు మాత్రం అందరికీ అవే. ఒకే బల్ల దగ్గర నలుగురూ కూర్చుని తలోటీ తిని, లేచాక ఎవరి ట్రే వాళ్ల అల్మారాలో పెట్టి పోతారు. తుడిచే ఆవిడ ఏ ప్లేటు ఎటు వెళ్లాలో చూసుకుంటుంది. నువ్వడిగిన ‘వేరుగా ఉండటం’ ఇదే. ఆ గ్యాలరీలో గోడలేమీ చెప్పకపోయినా ఇది రోజూ మూడుపూటలా చెబుతుంది.

ఆడపడుచు: దీన్ని సామరస్యమంటావా? మడి అంటారు దీన్ని. మా నాయనమ్మ ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టేది.

వదిన: ఆ రెండూ ఒకటి కావు, నీకూ తెలుసు. ఆ గ్లాసు అవతలి మనిషి తక్కువని చెప్పడానికి పెట్టింది. ఈ అల్మారా అవతలివాడి పట్టింపు నాకు లేకపోయినా మన్నిస్తానని చెప్పడానికి పెట్టింది. ఇక్కడ ఎక్కువ మంది చైనావాళ్లు. పంది మాంసం వాళ్ల రోజువారీ తిండి. వాళ్లలో ఎక్కువమంది బౌద్ధులు, తావో మతస్థులు. కొందరు క్రైస్తవులు. 2020 జనాభా లెక్కల్లో ముస్లింలు 15.6 శాతం. ఆ కొద్దిమంది పట్టింపు కోసం మిగతావాళ్లంతా ట్రే పట్టుకుని రెండడుగులు ఎక్కువ నడుస్తున్నారు.

ఆడపడుచు: ఆ లెక్కల్లోనే ఏ మతమూ లేదన్నవాళ్లు 20 శాతం ఉన్నారు. ఐదుగురిలో ఒకరు. మతసామరస్యం గ్యాలరీలో వాళ్లకి ఏం పని? సర్లే, అది పక్కన పెట్టు. ట్రేల సంగతి ఒప్పుకుంటాను, నాకు నచ్చింది. కానీ అది జనం చేసుకున్న సర్దుబాటు. నేనడిగేది హోంశాఖ సంగతి. 1972లో ‘యెహోవా సాక్షులు’ సంఘం రిజిస్ట్రేషన్ రద్దు చేశారు. సైన్యంలో చేరబోమంటారు కాబట్టి. వాళ్ల కుర్రాళ్లు ఇప్పటికీ సైనిక నిర్బంధంలో శిక్ష అనుభవిస్తారు. చేతిలో తుపాకీ పట్టనన్నవాడిని జైల్లో పెట్టి, ఇవతల సామరస్యం గ్యాలరీ నడపడమా?

వదిన: ఇక్కడ మగపిల్లలందరికీ సైనిక సేవ తప్పనిసరి. ఒక మతానికి మినహాయిస్తే రేపు ఇంకోటి అడుగుతుంది. మలయ్ వాళ్ల పిల్లాడు వెళ్లాలి, మన పిల్లాడు వెళ్లాలి, వాళ్ల పిల్లాడు మాత్రం వద్దా?

ఆడపడుచు: సైన్యం బదులు ఆసుపత్రిలో పని చెయ్యమనొచ్చు. చాలా దేశాలు అదే చేస్తున్నాయి. నీ జవాబులో న్యాయం ఉంది, దయ లేదు వదినా.

వదిన: …అది నిజమే. నాకూ మింగుడుపడదు.

(మా ఆవిడ ఇంత త్వరగా తగ్గడం నేను చూడలేదు. కానీ ఎక్కువసేపు తగ్గి ఉండదు.)

ఆడపడుచు: ఇంకోటి. తైపూసం. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి ట్యాంక్ రోడ్డు సుబ్రహ్మణ్యస్వామి గుడి దాకా కావళ్లు మోస్తారు. శూలాలు గుచ్చుకుని నడిచేవాడికి డప్పు, మేళం ఉంటేనే ఆ నొప్పి తెలియదు. 1973 నుంచి వాద్యాలు వద్దన్నారు. 2016లో దారిలో కొన్ని చోట్ల మాత్రం సరేనన్నారు. తైపూసం సెలవు 1968లోనే తీసేశారు. చైనీయుల సింహనాట్యానికి మాత్రం డోళ్లు మోగుతూనే ఉంటాయి. ఇదేనా అందరికీ ఒకే న్యాయం?

వదిన: సగమే చెప్పావు. 1964 జులై 21న మహమ్మద్ ప్రవక్త జయంతి ఊరేగింపు గేలాంగ్ వైపు వెళుతుంటే మలయ్, చైనీయుల మధ్య గొడవ రేగింది. 23 మంది పోయారు. సెప్టెంబరులో మళ్లీ రేగితే ఇంకో 13 మంది. అప్పట్లో ఇది మలేసియాలో భాగం. రాజకీయాలు ఆజ్యం పోశాయనుకో. ఆ తర్వాత మతపరమైన ఊరేగింపులు కాలినడకన చెయ్యొద్దన్నారు. మినహాయింపు ఒక్క హిందువులకే ఇచ్చారు, మూడు పండుగలకి. తైపూసం, పంగుని ఉత్తిరం, నిప్పుల మీద నడిచే తీమితి. ప్రవక్త జయంతి ఊరేగింపు పోయింది, మన కావడి మిగిలింది. 1968లో సెలవుల్లోంచి తీసేసినవాటిలో తైపూసంతో పాటు ప్రవక్త జయంతి కూడా ఉంది. మసీదుల మైకులు లోపలికి తిప్పించారు. బాంగు ఇప్పుడు మలయ్ రేడియోలో వస్తుంది. ఇలా అందరి దగ్గరా తలా కాస్త గిల్లారు. సింహనాట్యం మతం కాదు, పండుగ సంబరమంటారు. అది నాకూ అంతగా నమ్మబుద్ధి కాదు.

ఆడపడుచు: తలా కాస్త గిల్లడం సామరస్యమా, క్రమశిక్షణా?

వదిన: క్రమశిక్షణే. ఉన్నమాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నీకు క్రమశిక్షణంటే పడదు, ఎందుకంటే నువ్వు రొట్టెల పండుగ ఊళ్లో పుట్టావు.

ఆడపడుచు: పుట్టాను! అదే చెబుదామనుకున్నాను. మొహర్రం వస్తే నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లల్లో నిలబడి ఆడవాళ్లు కేకలేస్తారు, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె అని. కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె తీసుకుని అక్కడే తింటారు. తీరితే మరుసటేడు తనూ రొట్టె తెచ్చి పంచాలి. ఇచ్చేదెవరో పుచ్చుకునేదెవరో ఎవరూ అడగరు. బొట్టున్నావిడ చేతిలోంచి బురఖా ఆవిడ తీసుకుంటుంది, బురఖా ఆవిడ చేతిలోంచి బొట్టున్నావిడ. ఒడ్డున బారాషహీద్ దర్గా. పన్నెండుమంది అమరుల సమాధులు. 2015లో ప్రభుత్వం రాష్ట్ర పండుగ అంది గానీ అంతకు ముందు ఎన్ని తరాలనుంచి జరుగుతోందో! కడపలో చూడు. ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరుడి దగ్గరికి ముస్లింలు వస్తారు. బీబీ నాంచారి వాళ్ల ఆడపడుచు, స్వామి వాళ్లింటి అల్లుడు. దీనికి హోంశాఖ అక్కర్లేదు, గైడు అక్కర్లేదు.

వదిన: నేను పుట్టింది హైదరాబాద్ పాతబస్తీలో. ఆషూరా రోజు బీబీ కా ఆలం ఏనుగు మీద వస్తుంటే మా అమ్మ బయటికొచ్చి దండం పెట్టేది. మా అమ్మమ్మగారి ఊళ్లో పీర్లు ఎత్తేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. అంత భక్తీ ఉండగానే 1990 డిసెంబరులో మతకల్లోలం వచ్చింది. వందమందికి పైగా చచ్చిపోయారు. కర్ఫ్యూ. పాలు లేవు. దండం పెట్టిన చేతులే తలుపు గడియలు వేశాయి. నీ రొట్టె నాకు అక్కర్లేదనడం లేదు. అది ఉన్నంతకాలం ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. కానీ ఎవడో బయటినుంచి వచ్చి నిప్పు పెట్టిన రోజు ఆ రొట్టె మంట ఆర్పలేదు. ఆ రోజుకి చట్టం కావాలి. అది ముందే ఉండాలి. అందరికీ తెలిసి ఉండాలి.

(చెల్లెలు వెంటనే జవాబు చెప్పలేదు. నెల్లూరు వాళ్లకి రొట్టె ఉంది, 1990 లేదు. ఆ తేడా మేము పెళ్లయిన కొత్తలోనే గమనించాం, ఎప్పుడూ మాట్లాడుకోలేదు.)

ఆడపడుచు: చట్టం ఉంటే చాలా? 1990లో మనకీ ఐపీసీ 153-ఏ ఉంది, 295-ఏ ఉంది. సెక్షన్లకి కరువా?

వదిన: అమలుకి కరువు. ఇక్కడ తేడా అక్కడే. 1986లో ఓ హిందూ గుడి గుమ్మం దగ్గరే క్రైస్తవ సభ పోస్టర్లు అంటించారు. సెరంగూన్ రోడ్డులో గుడికెళ్లేవాళ్ల చేతుల్లో కరపత్రాలు పెట్టారు. మనకైతే ఇవి చిన్న సంగతులు. ఇక్కడ ప్రభుత్వ శ్వేతపత్రానికి ఎక్కాయి. ఆ మీదట 1990లో మతసామరస్య పరిరక్షణ చట్టం చేశారు. మతం పేరుతో ద్వేషం రెచ్చగొట్టేవాడిని ఇక మాట్లాడొద్దని మంత్రి ఆదేశించొచ్చు. 2019లో ఆ చట్టాన్ని సవరించేటప్పుడు మంత్రి చెప్పినదాని ప్రకారం అప్పటిదాకా అలాంటి ఉత్తర్వు ఒక్కటీ ఇవ్వలేదు. భయం చాలింది.

ఆడపడుచు: భయం చాలిందని నువ్వు గర్వంగా చెప్పడమే నాకు భయంగా ఉంది.

వదిన: 2017లో ఇక్కడి మసీదులో పనిచేసే ఇమామ్ ఒకాయన, మన దేశంనుంచి వచ్చినాయనే, ప్రార్థనలో క్రైస్తవుల మీద, యూదుల మీద గెలిపించమని వేడుకున్నాడు. కేసు పెట్టారు, 4,000 డాలర్ల జరిమానా వేశారు, వెనక్కి పంపేశారు. పంపేముందు ఆయన ఇతర మతాల పెద్దల్ని కలిసి క్షమాపణ చెప్పాడు. నాకు ఆ క్షమాపణ ముఖ్యం. మనదగ్గర అలా మాట్లాడినవాడు ఎమ్మెల్యే అవుతాడు.

ఆడపడుచు: అబ్బ! ఇది మాత్రం కాదనలేను.

వదిన: ఇళ్ల సంగతి చూడు. జనాభాలో ముప్పావు వంతు పైగా సర్కారు కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. 1989 నుంచి ప్రతి బ్లాకులోనూ చైనీయులు, మలయ్‌లు, భారతీయులు, ఇతరులు ఇంతమందికి మించకూడదని పరిమితి. పాతబస్తీలో మనం గోడలు కట్టుకున్నట్టు ఇక్కడ కట్టుకోలేరు. లిఫ్టులో రోజూ ఎదురుపడాలి.

ఆడపడుచు: దాని ధర ఎవరు కడుతున్నారు? చైనీయుల పరిమితి నిండిన బ్లాకులో భారతీయుడు ఫ్లాటు అమ్ముకోవాలంటే చైనీయుడికి అమ్మకూడదు. కొనేవాళ్లు తక్కువ, ధర తక్కువ. మైనారిటీల జేబులోంచి సామరస్యం! ఆ సంగతి ప్రభుత్వమే ఒప్పుకుంది కదా.

వదిన: ఒప్పుకుంది. మరీ అమ్ముడుపోకపోతే ఫ్లాటు తామే తిరిగి కొంటామన్నది కూడా. ఒప్పుకోవడం చిన్న పనా?

ఆడపడుచు: కాదు. కానీ అలా ఒప్పుకున్నవన్నీ గోడకెక్కాలంటాను. గ్లాస్గోలో కెథడ్రల్ పక్కనే సెయింట్ ముంగో మ్యూజియం ఉంది. మతాల మ్యూజియమే. 1993లో తెరిచారు. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఫుట్‌బాల్ జట్ల పేరుతో కొట్టుకునే ఊరది. దాలీ గీసిన క్రీస్తు చిత్రాన్ని చాలాకాలం అక్కడే ఉంచారు. కంచు నటరాజు కూడా ఉంది. తెరిచిన ఏడాదే ఓ సందర్శకుడు మతావేశంతో ఆ నటరాజుని పడదోశాడు.

వదిన: చూశావా! నేను చెప్పేది అదే కదా?

ఆడపడుచు: విను. బాగుచేసి మళ్లీ పెట్టారు. నాకు నచ్చింది అది ఒక్కటే కాదు. చూసినవాళ్లు ఏమనుకున్నారో కార్డు మీద రాసి బోర్డుకి గుచ్చే ఏర్పాటు పెట్టారు. నేను వెళ్లినప్పుడు ఒకడు ఇదంతా అబద్ధమని రాశాడు. దాని పక్కనే ఇంకొకరు, మా మతాన్ని మీరు తప్పుగా చూపించారని. పైన ఎవరో పిల్ల గుండ్రటి అక్షరాలతో నాకు బౌద్ధులు నచ్చారని. ఏదీ తీసెయ్యలేదు. అక్కడ నిలబడి చదివినంతసేపు నేను ఏ విగ్రహం ముందూ నిలబడలేదు. మీ గ్యాలరీకి అలాంటి బోర్డు ఒకటి కావాలి. తైపూసం మేళం గురించి ఒకరు రాస్తారు, మసీదు మైకు గురించి ఇంకొకరు. యెహోవా సాక్షి వాళ్లమ్మ కూడా రాయాలి.

వదిన: అలాంటి బోర్డు మీద మూడో రోజు ఎవడో ఒకడు బూతు రాస్తాడు.

ఆడపడుచు: రాస్తే తీసెయ్యి. మిగతావి ఉంచు.

వదిన: ఏది బూతు, ఏది అభిప్రాయమని తేల్చేది ఎవరు?

ఆడపడుచు: మీ హోంశాఖ వాళ్లున్నారుగా!

ఇద్దరూ నవ్వారు. తగువు తెగలేదు. పిల్లలు చెరకు రసాలు తాగి ట్రేలు తిరిగిస్తుంటే మా ఆవిడ అక్కడే నిలబడి ఏది ఎటు పెట్టాలో చూసింది. తర్వాత అందరం సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీదుగా నడిచాం. ముందు బుద్ధుడి దంతం ఉందని చెప్పే గుడి, కాస్త నడిస్తే 1827 నాటి మారియమ్మన్ గుడి, ఇంకో సందు దాటితే 1826 నాటి జామే మసీదు. ఆ సందుల పేర్లే టెంపుల్ స్ట్రీట్, పగోడా స్ట్రీట్, మాస్క్ స్ట్రీట్. ఉన్నది చైనాటౌన్‌లో. గ్యాలరీ చూసిన బృందాలు ఈ దారి నడవకుండా బస్సెక్కితే సగమే చూసినట్టు.

నా తీర్పు ఎవరూ అడగలేదు. అయినా చెబుతాను. చట్టం విషయంలో మా ఆవిడదే రైటు. గ్యాలరీ విషయంలో మా చెల్లెలిది రైటు. పోలికలకి ఒక గోడ చాలు. మిగతా గోడలన్నీ తగువులకి, తగువు ఎలా తీరిందో దానికి, ఎవరు ఎంత వదులుకున్నారో దానికి ఇవ్వాలి. రేపు హైదరాబాద్‌లోనో నెల్లూరులోనో ఇలాంటి గ్యాలరీ కడతామని ఎవరైనా మీ దగ్గరికి చందాకొస్తే, రొట్టెల పండుగ ఫోటోలు బోలెడు దొరుకుతాయి, వాటి గురించి అడగకండి. 1990 డిసెంబరుకి ఏ గోడ ఇస్తున్నారో అడిగి, జవాబు విన్నాకే చందా రాయండి.